ఆముదం నుంచి 20డబ్ల్యూ-40 దాకా: పాత బండికి ఏ నూనె పోయాలి?

పోయిన ఎపిసోడ్‌లో కేసీ కెనాల్ కథ చెప్పుకున్నాం కదా. ఈరోజు టాపిక్ దానికంటే చాలా చిన్నది. చేతిలో పట్టేంత చిన్నది. ఇదిగో, ఈ ఇంజన్ ఆయిల్ డబ్బా. దీని మీద ఏం రాసుందో చూడండి: 20డబ్ల్యూ-40. పక్కన ఇంకో డబ్బా పెట్టాను. దీని మీద 10డబ్ల్యూ-30 అని ఉంది.

మీలో చాలామంది ఇళ్లలో ఒక పాత బండి ఉంటుంది. నాయన కొన్నదో, మామ వాడి ఇచ్చిందో. లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటేసింది. మీటర్ ఎక్కడో ఒక నంబర్ దగ్గర ఆగిపోయింది. అయినా కాలేజీకి, పొలానికి, ఆస్పత్రికి అదే దిక్కు. దానికి ఆయిల్ మార్చాలని షాపుకు పోతే కౌంటర్ దగ్గర ఒకటే ప్రశ్న: "ఏది ఇమ్మంటావు?" మనకు తెలియదు. పక్కనున్న వాళ్లెవరో అంటారు: "పాత బండి కదా, చిక్కటిది పోయించు."

ఈ "చిక్కటిది పోయించు" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? అది ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదు? ఈరోజు కథ అదే. ఇది నాకు పుస్తకంలో మొదలైన కథ కాదు. నేను ఒకసారి ఆ మాట విన్నాను, చేశాను. దాని ఖర్చు మా నాయన కట్టాడు.

మా నాయన ఆళ్లగడ్డలో ఒక శిల్పశాలలో పనిచేసేవాడు. ఆళ్లగడ్డ విగ్రహాలు మీకు తెలుసు కదా, రోడ్డు పక్కనే రాతి దేవుళ్లు వరసగా నిలబడి ఉంటారు. మా ఇల్లేమో నంద్యాలలో. రోజూ పొద్దున ఆయన బండి మీద పోయి సాయంత్రం తిరిగి వచ్చేవాడు. పోయేటప్పుడు 40 కిలోమీటర్ల పైచిలుకు, వచ్చేటప్పుడు అంతే. లెక్క వేయండి. రోజుకు 80 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు. 24,000 కిలోమీటర్లు అయింది. ఐదేళ్లకు లక్షా ఇరవై వేలు. 1990ల చివర్లో కొన్న వంద సీసీ బండి అది. నేను డిగ్రీలో చేరేనాటికి ఎన్ని లక్షలు తిరిగిందో దానికే తెలియదు.

అప్పటికి సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది. నేను షాపుకు పోయి, అక్కడ వాళ్లూ వీళ్లూ చెప్పింది విని, ఉన్నవాటిలో చిక్కటి ఆయిల్ తెచ్చి పోశాను. 20డబ్ల్యూ-50. వారంలో పొగ తగ్గింది. నేను పెద్ద ఇంజనీర్‌ని అయిపోయినట్టు ఫీలయ్యాను. తర్వాత ఏం జరిగిందో చివర్లో చెప్తాను. ముందు చరిత్రలోకి పోదాం.

మన భాషలో లూబ్రికెంట్‌కి ఎప్పటి నుంచో ఒక మాట ఉంది. కందెన. ఇప్పుడు సైన్స్ పుస్తకాల్లో కనిపిస్తుంది గానీ ఇది పుస్తకాల్లో పుట్టిన మాట కాదు. ఎద్దులబండి చక్రం తిరిగే ఇరుసుకు రాసేది కందెన. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి ముద్దలా చేసేవాళ్లు. అహోబిలం తిరునాళ్లకు బండ్లు కట్టుకుని పోయే రోజుల్లో గడ్డి, నీళ్లు ఎంత అవసరమో కందెన అంత అవసరం. అది లేకపోతే ఇరుసు కిర్రుమంటుంది, అరుగుతుంది, దారిలో బండి ఆగుతుంది.

ఎద్దులబండి ఇరుసుకు ఎలాంటి కందెన కావాలి? చిక్కగా, జిడ్డుగా, అంటుకుని ఉండేది కావాలి. బండి నెమ్మదిగా పోతుంది. ఇరుసు చుట్టూ మూత లేదు. నూనెను పైకి తోసే పంపు లేదు. పల్చటిది రాస్తే కారిపోతుంది. కాబట్టి అక్కడ చిక్కదనమే గుణం. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

తర్వాత రైలు వచ్చింది. 1880ల్లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ గుంతకల్లు వైపు నుంచి మీటర్ గేజ్ లైను వేసుకుంటూ నంద్యాల మీదుగా నల్లమల దాటించింది. దొరబావి దగ్గర అడవిలో ఆ కాలంలో కట్టిన పెద్ద వంతెన గురించి మీరు విని ఉంటారు. ఆ రోజుల్లో మన దేశంలో రైళ్లకు కూడా ఆముదమే. దీపాల్లో ఆముదం, యంత్రాల కందెనగా ఆముదం. ఎందుకంటే అది ఇక్కడే పండుతుంది. నీళ్లు తక్కువున్న మెట్ట నేలల్లో కూడా వస్తుంది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని మనం ఎగతాళిగా అంటాం గానీ, యంత్రాల చరిత్రలో కొన్నాళ్లు అది నిజంగానే మహావృక్షం.

ఎంత మహావృక్షమో చూడండి. 1899లో లండన్‌లో చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన ఒక నూనెల కంపెనీ పెట్టాడు. అప్పుడే కార్లు, విమానాలు వస్తున్నాయి. వాటి ఇంజన్లు బాగా వేడెక్కుతాయి, వేగంగా తిరుగుతాయి. వాటికోసం ఆయన నూనెలో ఆముదం కలిపాడు. ఆముదాన్ని ఇంగ్లిష్‌లో క్యాస్టర్ ఆయిల్ అంటారు కదా. ఆ క్యాస్టర్ నుంచి 1909లో ఆ నూనెకు ఒక పేరు పెట్టాడు. క్యాస్ట్రాల్. అవును, మీ ఊరి ఆటోమొబైల్ షాపు బోర్డు మీద ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో కనిపించే ఆ పేరే. దాని వెనక ఉన్నది మన ఆముదం.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, 1914. అప్పటి ఫైటర్ విమానాల్లో చాలావాటికి రోటరీ ఇంజన్లు. నోమ్, లె రోన్ అని ఫ్రెంచ్ పేర్లు. ఆ ఇంజన్లో సిలిండర్లే గుండ్రంగా తిరుగుతాయి. పెట్రోల్ ఆవిరి క్రాంక్‌కేస్ లోపలి నుంచే పోతుంది. మామూలు ఖనిజ నూనె పోస్తే పెట్రోల్‌లో కలిసి పల్చబడిపోతుంది. ఆముదం అంత తేలిగ్గా పెట్రోల్‌లో కలవదు. కాబట్టి ఆముదమే వాడారు. వాడిన నూనె తిరిగి ట్యాంకులోకి రాదు, పొగతో పాటు బయటికి, పైలట్ ముఖం మీదికి. ఆముదం తాగిన ముఖం అని మనం అంటాం కదా, వాళ్లు నిజంగానే గాల్లో ఆముదం పీల్చారు. దాని వల్ల పైలట్లకు కడుపు పాడయ్యేదని కథలు కథలుగా చెప్పుకుంటారు. యుద్ధం చివర్లో అమెరికా తన నేలలో ఆముదం పండించాలని చూసి, విత్తనాల కోసం బొంబాయి నుంచి ఓడ తెప్పించుకుంది.

మరి ఇంత గొప్పదైతే ఈరోజు బండ్లలో ఆముదం ఎందుకు పోయం? ఎందుకంటే దానికి ఒక జబ్బు ఉంది. వేడికి, గాలికి అది మెల్లగా జిగురులా మారుతుంది. పిస్టన్ రింగుల దగ్గర గోందులా అతుక్కుంటుంది. అప్పటి రేసు బండ్లలో, విమానాల్లో ఇంజన్‌ని తరచూ విప్పి కడిగేవాళ్లు కాబట్టి నడిచింది. నెలల తరబడి విప్పకుండా తిరగాల్సిన బండికి కుదరదు. వీడియో చూసి ఎవరైనా బండిలో ఆముదం పోసేరు. పోయకండి, దండం పెడతాను.

సరే, ఇప్పుడు అసలు విషయం. నంబర్లు ఎక్కడ పుట్టాయి?

ఆ కాలంలో ఆయిల్ కొనే వాడికి పెద్ద ఇబ్బంది. ఒక కంపెనీ లైట్ అంటుంది, ఇంకో కంపెనీ మీడియం అంటుంది, మూడోది హెవీ అంటుంది. ఒకడి హెవీ ఇంకొకడి మీడియం. దీన్ని కొలవాలంటే ఎలా? చాలా సింపుల్ ఐడియా. అడుగున చిన్న రంధ్రం ఉన్న పాత్రలో నూనె పోసి, ఫలానా వేడి దగ్గర, అది కిందికి కారడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం. బ్రిటన్‌లో రెడ్‌వుడ్ సెకన్లు, 50 మిల్లీలీటర్లు కారాలి. అమెరికాలో సేబోల్ట్ సెకన్లు, 60 మిల్లీలీటర్లు కారాలి. ఎక్కువ సెకన్లు పడితే చిక్కటి నూనె. తేనె, నీళ్లు ఒకేసారి వంచితే మీకే తెలుస్తుంది. ఈ గుణం పేరే విస్కాసిటీ. తెలుగులో స్నిగ్ధత అని రాస్తారు. మనం చిక్కదనం అనుకుందాం.

1905లో అమెరికాలో ఆటోమొబైల్ ఇంజనీర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. ఎస్‌ఏఈ. 1911లో వాళ్లు ఇంజన్ ఆయిల్‌కి మొదటి ప్రమాణం రాశారు. అదే పెరిగి పెరిగి ఈరోజు డబ్బా మీది ఎస్‌ఏఈ 30, 40, 50 అయింది. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. 40 అంటే 40 డిగ్రీలు కాదు. అది ఒక తరగతి పేరు, అంతే. నూనెను 100 డిగ్రీలకు వేడి చేసి చిక్కదనం కొలుస్తారు. కొలత పేరు సెంటీస్టోక్. మామూలు నీళ్లు సుమారు 1 అనుకోండి. 9.3 నుంచి 12.5 లోపు ఉంటే అది 30. 12.5 నుంచి 16.3 లోపు ఉంటే 40. 16.3 నుంచి 21.9 లోపు ఉంటే 50. మన ఆముదం ఎంతో తెలుసా? 100 డిగ్రీల దగ్గర సుమారు 19, 20. అంటే ఈరోజు లెక్కలో అది 50 నంబర్ చిక్కదనం.

మరి డబ్ల్యూ ఏంటి? వింటర్. చలికాలం. ఉత్తర అమెరికాలో, యూరప్‌లో చలికాలం పొద్దున ఆయిల్ గడ్డలా అయ్యి ఇంజన్ తిరిగేది కాదు. అందుకని చలికి వేరే పరీక్ష పెట్టారు. 20డబ్ల్యూ నూనె మైనస్ 15 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూ నూనె మైనస్ 25 డిగ్రీల దగ్గర ఇంజన్‌ని తిరగనివ్వాలి. డబ్ల్యూ ముందు నంబర్ ఎంత తక్కువైతే చలిలో అంత తేలిగ్గా పారుతుంది.

మొదట్లో చలికాలానికి ఒక నూనె, ఎండాకాలానికి ఒక నూనె మార్చుకునేవాళ్లు. 1950లలో రెండూ ఒకే డబ్బాలోకి వచ్చాయి. అదే మల్టీగ్రేడ్. పల్చటి నూనెలో ప్రత్యేకమైన పాలిమర్లు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి ముడుచుకుని ఉంటాయి. వేడెక్కితే విచ్చుకుని నూనె మరీ పల్చబడకుండా ఆపుతాయి. కాబట్టి 20డబ్ల్యూ-40 అంటే చలి పరీక్షలో 20డబ్ల్యూ, వేడి పరీక్షలో 40. రెండు పరీక్షల మార్కులు పక్కపక్కన రాసిన ప్రోగ్రెస్ కార్డు లాంటిది.

ఇప్పుడు మీరు అడుగుతారు. మన నంద్యాలలో మైనస్ డిగ్రీలు ఎక్కడివన్నా, మే నెలలో 44, 45 కొడుతుంది, ఆ డబ్ల్యూతో మనకేం పని? మంచి ప్రశ్న. కానీ ఒక్క విషయం ఆలోచించండి. మన ఎండ ఎంత మండినా 45. ఇంజన్ లోపల నూనె పనిచేసే వేడి సుమారు 100. అంటే పొద్దున కిక్ కొట్టే క్షణానికి, మే నెలలో కూడా, నూనె దాని అసలు పని వేడికి చాలా కింద ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర మామూలు 10డబ్ల్యూ-30 చిక్కదనం సుమారు 70 సెంటీస్టోక్ ఉంటే, 20డబ్ల్యూ-50 సుమారు 160 ఉంటుంది. రెట్టింపు కంటే ఎక్కువ. రాత్రంతా నూనె కిందికి దిగిపోయి ఉంటుంది. స్టార్ట్ చేయగానే పంపు దాన్ని పైన హెడ్ దాకా తోయాలి. నూనె ఎంత చిక్కగా ఉంటే అంత ఆలస్యం. ఆ కొన్ని క్షణాల్లో పైన భాగాలు సరిగా తడవకుండా రాసుకుంటాయి.

ఇదీ ఎద్దులబండి ఇరుసుకూ ఇంజన్‌కూ తేడా. ఇరుసుకు కందెన అంటుకుని ఉంటే చాలు. ఇంజన్‌లో నూనె పారాలి. సన్నటి దారుల్లో పోవాలి, వేడిని మోసుకు రావాలి, మసిని కడగాలి, తిరిగి కిందికి రావాలి. చిక్కదనం కావాలి, పారడమూ కావాలి. ఆ రెండిటి మధ్య కుదిరిన రాజీయే డబ్బా మీద నంబర్.

మరి మన దగ్గర చిక్కటిదే మంచిది అనే మాట ఇంత గట్టిగా ఎందుకు పాతుకుపోయింది? దానికీ చరిత్ర ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక చాలాకాలం మన రోడ్ల మీద తిరిగిన ఇంజన్లు వేరు. 1950ల చివర్లో వచ్చిన అంబాసిడర్, జీపులు, లారీలు, బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లు. పాత డిజైన్లు, భాగాల మధ్య సందులు కొంచెం వదులు. 30, 40 అని ఒకే నంబర్ ఉన్న సింగిల్ గ్రేడ్ నూనెలు మామూలు. నూనె అమ్మే కంపెనీలు కూడా తక్కువ. బర్మా షెల్, ఎస్సో లాంటి విదేశీ కంపెనీలు ఉండేవి. 1972లో ఇండియన్ ఆయిల్ సర్వో బ్రాండ్ తెచ్చింది. 1974లో ఎస్సో వ్యాపారం హిందుస్థాన్ పెట్రోలియం అయింది. 1976లో బర్మా షెల్ ప్రభుత్వం చేతికి వచ్చి తర్వాత భారత్ పెట్రోలియం అయింది. ఆ ఇంజన్ల దగ్గర పని నేర్చుకున్న మేస్త్రీలు, పాత ఇంజన్‌కి ఒక నంబర్ పెంచి పోయడం కళ్లారా చూశారు. ఆ ఇంజన్లకు అది చాలాసార్లు పనిచేసింది కూడా. వాళ్లు తమ శిష్యులకు అదే చెప్పారు. శిష్యులు మనకు చెప్పారు.

ఇంకోటి, స్కూటర్ల కాలం. చేతక్, రాజ్‌దూత్, లూనా. అవన్నీ టూ స్ట్రోక్. పెట్రోల్ బంకులోనే టూటీ ఆయిల్ కలిపించుకునేవాళ్లు. నూనె పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది. పొగ రావడం మామూలు. ఇంజన్‌లో నూనె ఎంత ఉందో పుల్లతో చూసే పనే లేదు. ఒక తరం మొత్తం అలా అలవాటు పడింది.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. ఫోర్ స్ట్రోక్. మైలేజీ చూసి జనం ఎగబడ్డారు. 1994లో స్ప్లెండర్. ఇక్కడ నూనె కథ పూర్తిగా మారిపోయింది. నూనె కాలకూడదు, కింద ఉండాలి, పదే పదే తిరగాలి. ఒకే నూనె ఇంజన్‌కి, గేర్లకి, క్లచ్‌కి. అదీ ఎంత? చిన్న బండిలో సుమారు ఒక లీటర్. అందులో 300 మిల్లీలీటర్లు పోతే మూడో వంతు పోయినట్టే. బండి మారింది గానీ మన అలవాటు మారలేదు. చూడటం మర్చిపోయాం, పోయడం ఒక్కటే గుర్తుంది.

ప్రపంచమంతా అప్పటికే పల్చటి నూనెల వైపు పోతోంది. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపినప్పుడు ధరలు మండిపోయాయి. ప్రతి చుక్క లెక్క అయింది. చిక్కటి నూనెను తిప్పడానికే కొంత పెట్రోల్ ఖర్చవుతుంది. అందుకని భాగాలను ఇంకా కచ్చితంగా చేసి, పల్చటి నూనెతో నడిచే ఇంజన్లు తెచ్చారు. ఇప్పుడు కొత్త కార్లలో 0డబ్ల్యూ-20 మామూలు. 2013లో ఎస్‌ఏఈ 16 అనే కొత్త తరగతే పెట్టింది. 2015లో 12, 8 కూడా వచ్చాయి. ఇంకో వైపు 2000లో అమెరికాలో వాల్వోలిన్ కంపెనీ ఎక్కువ తిరిగిన కార్లకోసమే మ్యాక్స్‌లైఫ్ అనే నూనె తెచ్చింది. 75,000 మైళ్లు, అంటే లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటిన కార్లకు అని. గట్టిపడిన రబ్బరు సీళ్లను మెత్తబరిచే పదార్థాలు అందులో కలిపారు. గమనించండి, వాళ్లు పాత ఇంజన్‌కి మందు వెతికింది నంబర్ పెంచడంలో ఒక్కదాంట్లోనే కాదు.

ఇప్పుడు మా నాయన బండి దగ్గరికి వద్దాం.

పొగ తగ్గింది అన్నాను కదా. రెండు నెలలు నేను ఆ ఇంజన్ వైపు చూడలేదు. ఒకరోజు రాత్రి ఎనిమిదైనా నాయన ఇంటికి రాలేదు. ఫోన్ కలవలేదు. తొమ్మిదిన్నరకు ఎవరిదో లారీ ఎక్కి వచ్చాడు. శిరివెళ్ల మెట్ట దాటాక బండి టక్కున పట్టేసింది. వెనక చక్రం ఈడ్చుకుపోయింది. ఆ హైవే మీద వెనక లారీ లేకపోవడం మా అదృష్టం.

మర్నాడు ఆటోలో వేసుకుని ఒక పాత మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన డ్రెయిన్ బోల్ట్ విప్పాడు. నూనె అంటూ ఏమీ రాలేదు. ఒక టీ గ్లాసుకు సరిపడా నల్లటి జిగురు.

"ఏం పోసినావప్పా దీంట్లో?"

"20డబ్ల్యూ-50 పోసినా భాయ్. పొగ ఆగింది."

"పొగ ఆగిందా, నువ్వు చూసేది ఆపినావా?"

నేను నోరు మూసుకున్నాను. ఆయన ఎయిర్ ఫిల్టర్ విప్పి బండ మీద తట్టాడు. బూడిద రంగు పొడి కుప్పగా రాలింది. రాతి పొడి. రోజంతా శిల్పశాల ముందు ఆ బండి ఆగుతుంది. కట్టింగ్ మిషన్ల దుమ్ము మొత్తం దాని మీదే. ఫిల్టర్ నిండిపోయి, ఒక పక్క చిరిగి, ఆ పొడి నేరుగా లోపలికి పోయింది. రాతి విగ్రహానికి నునుపు వచ్చేది రాపిడితోనే కదా. అదే రాపిడి బోరులో జరిగింది. రింగులు అరిగాయి. రింగుల పక్క నుంచి నూనె పైకి పోయి కాలింది. అదే నీలం పొగ.

"నూనె యాడికి పోతాండాదో చూడకుండా చిక్కటిది పోస్తే ఎట్లప్పా? కుండకు చిల్లి పడితే నీళ్ల బదులు గంజి పోస్తావా?"

నా చరిత్ర పరిశోధన మొత్తం ఆ గంజి మాట దగ్గర మొదలైంది. చిక్కటి నూనె ఆ బండిని చంపలేదు. నూనె లేకపోవడం చంపింది. కానీ చిక్కటి నూనె పొగను కప్పిపెట్టింది. జ్వరం మాత్ర వేసుకుని టైఫాయిడ్ తగ్గిందనుకున్నట్టు. బోరు, పిస్టన్, రింగులు, హెడ్ పని. నా సెమిస్టర్ ఫీజుకు దాచిన డబ్బు అటు పోయింది. మా నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

సరే, మరి ఏం చేయాలి? వరసగా చెప్తాను, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మొదటిది, పుస్తకం. బండి మాన్యువల్‌లో ఏ నంబర్ ఉందో చూడండి. పుస్తకం పోతే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఒక్కో బండికి ఒక్కో నంబర్. స్ప్లెండర్‌కి సాధారణంగా 10డబ్ల్యూ-30, పల్సర్‌కి 20డబ్ల్యూ-50, కొంతకాలం కిందటి 350 బుల్లెట్‌కి 15డబ్ల్యూ-50. మీ బండి మోడల్, సంవత్సరం బట్టి మారొచ్చు. అంటే పక్కింటి బుల్లెట్‌కి మంచిదైన నూనె మీ బండికి మంచిది కావాలని లేదు.

రెండోది, బండి ఎంత నూనె తాగుతోంది? బండిని మాన్యువల్‌లో చెప్పినట్టు సమంగా నిలబెట్టి లెవెల్ చూడండి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. 500 కిలోమీటర్లకు మళ్లీ చూడండి. మళ్లీ ఫోటో. తగ్గుతుందో లేదో మీకే తెలుస్తుంది.

మూడోది, ఎందుకు తాగుతోంది? కింద మరకలు పడితే లీకు, సీలు మార్చాలి. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్ల మీద అనుమానం. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా వస్తుంటే రింగులు, బోరు. ఎయిర్ ఫిల్టర్ తప్పకుండా విప్పి చూడండి. బేతంచెర్ల, బనగానపల్లె వైపు బండల పాలిషింగ్ పనుల దగ్గర తిరిగే వాళ్లు, ఆళ్లగడ్డ శిల్పశాలల దగ్గర బండి పెట్టేవాళ్లు మరీ ముఖ్యంగా.

నాలుగోది, నంబర్ పెంచడం. ఎప్పుడు? ఇంజన్ ఆరోగ్యంగా ఉండి, నూనె పెద్దగా తగ్గకపోతే, రెండు లక్షలు తిరిగినా సరే, పుస్తకంలో నంబరే పోయండి. వయసు ఒక్కటే కారణం కాదు. కొంచెం కొంచెం తాగుతోంది, ఇప్పుడే విప్పే స్థోమత లేదు అంటే, మాన్యువల్‌లో వేడి ప్రాంతాలకు ఒప్పుకున్న పై నంబర్ ఏదుందో చూసి ఒక్క మెట్టు పెంచండి. 30 ఉంటే 40. అవకాశం ఉంటే డబ్ల్యూ ముందు నంబర్ పెంచకండి. 10డబ్ల్యూ-30 నుంచి 10డబ్ల్యూ-40. అప్పుడు వేడిలో చిక్కదనం వస్తుంది, పొద్దున పారడం పెద్దగా చెడదు. నేరుగా 50కి ఎగరకండి. పెంచాక లెవెల్ చూసేది మానకండి. పెంచడం అనేది టైం కొనుక్కోవడం మాత్రమే, వైద్యం కాదు.

ఐదోది, బైకుకు కారు ఆయిల్ పోయకండి. బైకులో క్లచ్ ప్లేట్లు అదే నూనెలో మునిగి ఉంటాయి. కొన్ని కారు నూనెల్లో జారుడు పెంచే పదార్థాలు ఉంటాయి, వాటితో క్లచ్ జారిపోతుంది. డబ్బా వెనక జాసో ఎంఏ, ఎంఏ2 లాంటి గుర్తు చూడండి. మీ మాన్యువల్ ఏది అడుగుతుందో అదే తీసుకోండి. స్కూటీలకు వేరే, వాటికి ఎంబీ అని ఉంటుంది.

ఇంకొక్క మాట. మేస్త్రీలకు ఏమీ తెలియదని నేను చెప్పడం లేదు. నాకు దారి చూపించింది మేస్త్రీయే. చిక్కటిది పోయించు అనే మాట ఒక కాలంలో, ఒక రకం ఇంజన్ల దగ్గర అనుభవంతో పుట్టింది. ఇంజన్ మారాక కూడా మాట అలాగే మిగిలిపోయింది. చరిత్ర చదివితే లాభం ఇదే. పెద్దవాళ్ల మాట తప్పా ఒప్పా అని వాదించడం కాదు, అది ఏ బండికి చెప్పిన మాటో తెలుసుకోవడం.

మా నాయన బండి ఇంకా ఉంది. బోరు చేయించాక పుస్తకంలో ఉన్న నంబరే పోస్తున్నాం. ఇప్పుడు ఆయన పనికి పోవడం మానేశాడు, బండి నేనే నడుపుతున్నా. పోయిన ఆదివారం లెవెల్ చూద్దామని పుల్ల తీస్తుంటే వెనక నుంచి వచ్చి అడిగాడు, "ఎంత ఉండాది?" అని. "పైగీత దగ్గరే ఉండాది నాయనా" అన్నాను. ఆయన తల ఊపి లోపలికి పోయాడు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే ఈ ఆదివారం ఒక్కసారి పుల్ల తీసి చూడండి. ఆ తర్వాతే షాపుకు పోండి. వచ్చే ఎపిసోడ్‌లో దొరబావి వంతెన కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు. హెల్మెట్ మర్చిపోకండి.